కర్త లేని వాక్యం

నా ప్రియమైన పంతులమ్మకి,

నీ ఉత్తరం అందింది. అందిన రోజున దుకాణంలో పని సాగలేదు. విరిగిన చువ్వలు బల్ల మీదే పడి ఉన్నాయి, నల్లగుడ్డ సగం కత్తిరించి వదిలేశాను. గొడుగు కోసం వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ముందు నీ ఉత్తరం పెట్టాను, తరవాతే గొడుగు. దేశంలో బడిపిల్లలందరూ చదవబోయే చరిత్ర పుస్తకంలో యుద్ధాల పాఠం మా అమ్మాయే రాస్తోందని చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది, వినీ వినీ మీ అమ్మకి చెవులు నొప్పి పుట్టాయి. రాసేది అదీ, కాలరెగరేసేది మీరూనా అని ఎత్తిపొడిచింది. ఎగరేస్తాను. ఎందుకు ఎగరేయకూడదు? బడిగడప సరిగా తొక్కనివాణ్ణి. ఒక చేత్తో గొడుగు పిడి బిగిస్తూ, ఇంకో చేత్తో గ్రంథం పేజీలు తిప్పుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. అలాంటివాడి కూతురు రాసిన మాటని రేపు లక్షల మంది పిల్లలు కంఠతా పడతారంటే నా గొంతు తగ్గుతుందా?

మొన్న ఆదివారం మందిరంలో నీ పాఠం మీదే ప్రసంగించాను. ఇంకా చూడని పాఠం మీద ప్రసంగమేమిటని అడక్కు. యుద్ధం ఎందుకు వచ్చింది అని మొదలుపెట్టాను. గ్రంథం తెరిచి నాలుగు పేజీలు తిప్పకముందే పొలంలో అన్న తమ్ముణ్ణి చంపాడు. అప్పటికి సరిహద్దుల్లేవు, సైన్యాల్లేవు, గనుల్లేవు. అసూయ ఒక్కటే ఉంది, అది చాలింది. కరువు వచ్చినట్టు, తెగులు వచ్చినట్టు, మనుషుల పాపం మీద యుద్ధం వచ్చిపడింది అని ఉరిమాను. నా ప్రసంగంలో క్రమం తప్పకుండా కునుకు తీసే మన మందిరం పెద్ద, ఆ రిటైరైన రైలు గార్డుగారు, ఉలిక్కిపడి లేచి పచ్చజెండా కోసం తడుముకున్నారు.

వేదిక పక్క గోడలో ఉన్న నల్లరాయి నీకు తెలిసిందే. పెద్ద యుద్ధానికి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. అందులో మొట్టమొదటి పేరు మా అన్నది, అంటే మీ పెదనాన్నది. అప్పటి బోధకుడు మీ తాతయ్య ఆ వేదిక మీద నిలబడి యుద్ధానికి పిలుపిస్తే కుర్రాళ్ల వరస మొత్తం లేచి నిలబడింది. నేనప్పుడు మా అమ్మ ఒళ్లో ఉన్నాను. బల్లలు వెనక్కి జరిగిన చప్పుడు ఒక్కటే గుర్తుంది. ఈ నగరంలో ఇంకే మందిరమూ అంతమందిని పంపలేదు. వచ్చే నెల ఆ రాయి నిలిపిన రోజు. ఏటా లాగే నేనే మాట్లాడాలి. నీ పాఠం పంపిస్తే అక్కడ చదివి వినిపిస్తాను. మన మందిరం సంగతి కూడా అందులో ఒక ముక్క పెట్టు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడతావు. ఉత్తరంలో అయితే నేను చివరిదాకా చెప్పగలను.

నీ గొప్పలు చెప్పుకునే హక్కు పూర్తిగా ఉన్నవాడు,
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం ఉపాధ్యాయుల గదిలో చదువుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క బల్ల లెక్కల టీచరు ఏమైందని అడిగితే, మా నాన్న ఇంకా అచ్చు కాని పాఠానికి ప్రచారం మొదలుపెట్టాడని చెప్పాను.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆగాను. "యుద్ధం వచ్చింది" అన్నావు చూడు, సరిగ్గా ఆ మాట మీదే పాఠ్యపుస్తక సంఘంలో నేను పోట్లాడుతున్నాను. సంఘానికి అధ్యక్షుడు ఒక పెద్ద ఆచార్యులు. మంచివారే, కానీ ఏ వాక్యమూ ఎవరికీ గుచ్చుకోకూడదంటారు. నేను "యుద్ధం తెచ్చారు" అని రాసిన ప్రతిచోటా ఎర్రసిరాతో "వచ్చింది" అని దిద్దారు. నేనూ ఊరుకోలేదు. వాన వస్తుంది, తుమ్ము వస్తుంది, పిలవని చుట్టం వస్తాడు. యుద్ధం దానంతటది రాదండీ, ఎవరో కూర్చుని, మాట్లాడుకుని, సంతకాలు పెట్టి తెస్తారు అన్నాను. పనిచేసినవాణ్ణి వ్యాకరణంలో కర్త అంటాం. కర్తను తీసేస్తే వాక్యంలో నేరం మిగులుతుంది, చేసినవాడు తప్పించుకుంటాడు. ఆఖరికి ఆయన కలం మూసేసి, సరే, కర్తల్ని రాయండి అన్నారు.

రాశాను నాన్నా. పక్కవాడి గనుల మీద, రేవుల మీద కన్నేసిన ప్రభుత్వాలు. జనానికి తెలియకుండా తలుపులు మూసుకుని ఒప్పందాలు రాసుకున్న మంత్రులు. తుపాకులు చేసి రెండు పక్షాలకీ అమ్మినవాళ్లు. పొద్దున్నే ఇంటింటికీ పగ మోసుకొచ్చిన పత్రికలు. ఒప్పందాల సంగతి పిల్లలకి ఎలా చెప్పాలో పాలుపోక నీ దుకాణం గుర్తు చేసుకున్నాను. గొడుగు మీట నొక్కితే ఒక్క చువ్వ లేచి ఊరుకోదు, ఒకదాన్నొకటి లాక్కుని అన్నీ లేస్తాయి. ఒక మూల తుపాకి పేలితే దేశాలన్నీ అలాగే లేచాయని రాశాను. అది చదివి ఆచార్యులవారు మొదటిసారి నవ్వారు. నీ గొడుగు పుస్తకమెక్కింది, మళ్లీ కాలరెగరేసుకో.

తరవాత సమాజం సంగతి. మగవాళ్లు వెళ్లిపోయాక ట్రాము నడపడం నేర్చుకుని, యుద్ధం ముగిశాక ఇక ఇంటికెళ్లమ్మా అంటే "నా బండి దిగను, కావాలంటే మీరెక్కండి" అన్న ఒకావిడ గురించి రాశాను. అత్త పేరు పెట్టలేదు గానీ, చదివితే తనే పట్టేస్తుంది.

సాహిత్యం దగ్గర ఎక్కువ కష్టపడ్డాను. యుద్ధానికి ముందు పద్యాలు బూట్లు తొడుక్కుని నడిచేవి, ప్రతి పాదం చివరా ఒక డప్పు మోగేది. కందకాల్లోంచి తిరిగొచ్చి రాసినవాళ్లకి ఆ మాటలు నోట పట్టలేదు. "వీరుడు" అని రాయబోతే బురద గుర్తొచ్చేది. వాక్యాలు పొట్టివైపోయాయి, విశేషణాలు రాలిపోయాయి. కథల్లోంచి రాజులు వెళ్లిపోయి, చేయి పోయిన కొడుక్కి చొక్కా బొత్తాలు పెట్టే తల్లులు వచ్చారు. అవతలి సైనికుడు కూడా ఇంటికి ఉత్తరాలు రాసుకునే మనిషే అని మొదటిసారి కథలు ఒప్పుకున్నాయి.

మందిరాల గురించి ఒకే వాక్యం ఉంది. దాన్ని ఎన్నిసార్లు కొట్టేసి తిరగరాశానో నాకే తెలియదు. పాఠం ప్రతి ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. కోపం వస్తే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ పోట్లాట గుణం పుణికిపుచ్చుకున్న,
పంతులమ్మ

*

అమ్మాయికి,

పాఠం అందింది. మొదటిసారి మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. బొత్తాల దగ్గర కళ్లొత్తుకుంది, ట్రాము దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది. రెండోసారి దుకాణం తలుపు వేసుకుని నేనొక్కణ్ణే చదివాను.

మందిరాల వాక్యం నాకు మింగుడు పడలేదు. మా నాన్న గురించి నువ్వు ఇలాంటి వాక్యం రాస్తావని ఎవరైనా చెప్పి ఉంటే వాణ్ణి గొడుగు పెట్టి కొట్టేవాణ్ణి.

నాలుక నిప్పురవ్వ, పెద్ద అడవిని కూడా తగలబెడుతుంది అని హెచ్చరించిన గ్రంథం నా ఎదుటే ఉంది. కాబట్టి ఇప్పుడు ఇంతకుమించి రాయను. ఈ సంగతి నేను చూసుకుంటాను.

నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నువ్వు "ప్రియమైన" మానేసినా నేను మానను.

నీ ఉత్తరం కోసం ఎదురుచూసి ఎదురుచూసి, నిన్న ఆచార్యులవారి నోట నీ కబురు విన్నాను. చేతిలో గొడుగు, చంకలో గ్రంథంతో మీ నాన్నగారు మా కార్యాలయానికి వచ్చారమ్మా అన్నారు. మందిరాల వాక్యం ఇలా అచ్చు కావడానికి వీల్లేదని స్వదస్తూరీతో రాసిచ్చి వెళ్లారట. నాకు తల కొట్టేసినట్టయింది. సంఘంలో ఒక సభ్యుడికి ఆ వాక్యం మొదటినుంచీ గిట్టదు. "రాసినావిడ తండ్రి, పైగా బోధకుడు, ఆయనే వద్దంటున్నాడు. ఇంకేం చర్చ, తీసేద్దాం" అన్నాడు. నెలాఖరు సమావేశంలో తేలుస్తారు. మిగతావాళ్లు జాలిగా చూశారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వాక్యం తీసేస్తే పాఠం మొత్తం వెనక్కి తీసుకుంటానని అక్కడే చెప్పేశాను. మొండితనం అనుకో, ఏమైనా అనుకో. రాజులూ వ్యాపారులూ మాత్రమే యుద్ధం చేశారని, మనలాంటి వాళ్లం చప్పట్లు కూడా కొట్టలేదని పిల్లలకి చెప్పలేను. నా పాఠం పోతే ఇంకెవరో రాస్తారు. నీ గొడుగు పోతుంది, అత్త ట్రాము పోతుంది, యుద్ధం మళ్లీ వానలాగా వస్తుంది.

నేనేం రాశానని నాన్నా? తాతయ్య నన్ను భుజమెక్కించుకుని మందిరానికి తీసుకెళ్లడం నాకు మాత్రం గుర్తులేదా? నీ మనసు నొచ్చుకోకూడదనే కదా అంత మెత్తగా రాశాను. ఎవరి పేరూ పెట్టలేదు. ఎవరినీ వేలెత్తి చూపలేదు. "ప్రార్థన మందిరాలలో యువకులు యుద్ధానికి పిలవబడ్డారు." అంతే. ఇంతకన్నా మెత్తగా ఎలా రాయాలో నాకు చేతకాదు. వేదిక మీద నిలబడి రాజుల్నీ మంత్రుల్నీ ఉతికి ఆరేస్తావు. సంగతి మనింటి గడప దాకా వచ్చేసరికి ఈ ఒక్క మాట నీకు బరువైపోయిందా?

నీ మీద కోపంగా ఉంది. దానికన్నా ఎక్కువగా సిగ్గుగా ఉంది. నీ గురించి ఆ గదిలో నేను చాలా గొప్పగా చెప్పి ఉన్నాను.

అయినా నీ కూతుర్నే,
పంతులమ్మ

*

నా ప్రియమైన పంతులమ్మకి,

ముందు కూర్చుని కాసిని మంచినీళ్లు తాగు. అవును, వెళ్లాను. అభ్యంతరం రాసిచ్చాను. మళ్లీ అడిగినా రాసిస్తాను.

ఇప్పుడు నీ వాక్యం పైకి చదువు. "యువకులు యుద్ధానికి పిలవబడ్డారు." ఎవరు పిలిచారు తల్లీ? గోడలు పిలిచాయా, బల్లలు పిలిచాయా? మనింట్లో నువ్వెప్పుడైనా "అమ్మా, అన్నం తినబడింది, కంచం తీయబడాలి" అన్నావా? అని ఉంటే మీ అమ్మ నీకు జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసేది. వానకీ యుద్ధానికీ తేడా నాకు నేర్పింది నువ్వే. ఆ ఉత్తరం చదివాక నా నోట మళ్లీ "యుద్ధం వచ్చింది" అన్న మాట రాలేదు. రాబోయి ఆగిన సందర్భాలు మీ అమ్మనడుగు. మంత్రులకి కర్తను పెట్టావు, తుపాకుల వాళ్లకి పెట్టావు, పత్రికలకి పెట్టావు. మా నాన్న దగ్గరికి వచ్చేసరికి "బడ్డారు" అని ముసుగు కప్పావు. నా కోపం అదీ. ఆయన్ని తప్పుపట్టావని కాదు, దాచావని. దాచుకోవాల్సిన మనిషా మా నాన్న? గ్రంథంలో ప్రవక్త, పరాయివాడి భార్యను లాక్కున్న రాజు ముందుకెళ్లి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని ధనికుడు కాజేసిన కథ చెప్పాడు. "ఎక్కడో ఒక గొర్రెపిల్ల దొంగిలించబడింది ప్రభూ" అని సరిపెట్టేసి ఇంటికి పోయాడా? వేలు చాపి, ఆ మనిషివి నువ్వే అన్నాడు. రాజు కూడా ప్రవక్తను గెంటించలేదు, తలవంచాడు. వేలు చాపడానికి ప్రవక్త కావాలి, తల వంచడానికి రాజు కావాలి. మనింట్లో ఇద్దరూ ఉన్నారనుకుంటే, నువ్వు మెత్తగా రాశానంటావు.

ఇక ఆచార్యులవారి సంగతి. తప్పు ఆయనదీ ఉంది, నా ప్రసంగాలదీ ఉంది. నా కాగితంలో మొదటి పంక్తి "ఈ వాక్యం ఇలా అచ్చు కావడానికి వీల్లేదు". తరవాత రెండు పేజీలు గ్రంథం. కారణం చివరన. అది నా అలవాటు, వేదిక మీద కూడా అసలు సంగతి చివరికే వస్తుంది. మన మందిరం వాళ్లు అలవాటుపడ్డారు, పాపం ఆయన అలవాటుపడలేదు. మొదటి పంక్తి చదివి, గౌరవంగా తల ఊపి, మడిచి సొరుగులో పెట్టేశారు. నీ ఉత్తరం అందిన మర్నాడే మళ్లీ వెళ్లి ఆ సొరుగు తెరిపించాను. తీసేయమని ఎవరన్నారండీ, సరిగా రాయించమన్నాను అన్నాను. నా ఎదుటే చివరిదాకా చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ ఆఖరి పేజీ చదివారు. పిలిచినవాడి కొడుకే కర్తను పెట్టమంటుంటే మా సభ్యుడు ఇక నోరెత్తలేడు అన్నారు. ఆ వాక్యం సరిచేసి పంపితే ఉంటుంది, పాఠమూ ఉంటుంది. సమావేశానికి ముందే నీ చేతి రాతతో రావాలట. తొందరపడు.

నీకు ఆ రోజే రాయాల్సింది. కానీ మందిరంలో నేను చెప్పకుండా పుస్తకంలో నిన్ను చెప్పమనడం పిరికితనం అనిపించింది. ఆదివారం కానిచ్చి రాస్తున్నాను.

నల్లరాయి రోజు కదా, మందిరం నిండిపోయింది. మా నాన్న పిలిచిన సంగతి ఏటా గొప్పగా చెప్పుకుంటాం. ఈసారీ అదే గొంతుతో చెప్పాను, ఒక్క మెట్టు కూడా దించలేదు. "మా నాన్న పిలిచాడు. ముందు మా అన్న లేచాడు. బోధకుడి కొడుకు లేచాక మిగతావాళ్లు కూర్చోగలరా? వరసంతా లేచింది. ఒప్పందం రాసినవాడు ఎక్కడో ఉన్నాడు, తుపాకి అమ్మినవాడు ఎక్కడో ఉన్నాడు. ఈ పిల్లలు వాళ్ల మొహాలు కూడా చూడలేదు. వీళ్లు చూసింది మా నాన్న మొహం, నమ్మింది మా నాన్న మాట. ఆయన పిలవకపోతే ఇంకెవరో పిలిచేవారంటారు. కావచ్చు. పిలిచింది మాత్రం ఆయన." అక్కడ ఆగాను.

యుద్ధం తరవాత ఆయన ఎలా అయిపోయాడో కూడా చెప్పాను. పాటల పుస్తకంలోంచి సైన్యాల పాటలు, విజయాల పాటలు అన్నీ తీసేయించాడు. విలాపగీతాలు తప్ప చదివేవాడు కాదు. వేదిక మీద నిలబడ్డం మానేసి కుర్చీలో కూర్చుని మాట్లాడేవాడు, వెనక బల్లకి వినపడేది కాదు. గొంతు జబ్బనుకున్నాం. మీ అమ్మ కషాయాలు కూడా కాచింది. యుద్ధం రచయితల వాక్యాల్ని పొట్టిచేసిందని రాశావు చూడు, మనింట్లోనూ అదే జరిగింది తల్లీ, పుస్తకం రాయని మనిషికి.

ప్రసంగం అయ్యాక గార్డుగారు వచ్చారు. ఆ రోజు ఆయన కునుకు తీయలేదు.

"పెద్దాయన్ని అందరి ముందూ నిలబెట్టేశావు గదయ్యా" అన్నారు.

"ఆయన నిలబడగలడండీ" అన్నాను.

అప్పుడు మీ అత్త లేచింది. కర్ర ఆనించుకుంటూ నేరుగా నా మీదికే వస్తోంది. అయిపోయింది, ట్రాముకి అడ్డొచ్చినవాణ్ణి తిట్టినట్టు తిడుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించింది.

"ఒరే తమ్ముడూ, ఈ రాయి రోజు వచ్చిందంటే నాన్న తెల్లవారగానే వంటింట్లో నిలబడి ఆ మాట చెప్పుకునేవాడురా. నేనే పిలిచాను, నేనే పిలిచాను అని. గిన్నెలు తోముతూ ఎన్నోసార్లు విన్నాను. తీరా ఇక్కడికొచ్చేసరికి గొంతు పెగిలేది కాదు. కాళ్లు నిలిచేవి కావు. అందుకే కూర్చునేవాడు."

నాకు నోట మాట రాలేదు. నాకు. మీ అమ్మ ఈ రోజుని రాసి పెట్టుకోవాలంది.

ఇన్నేళ్లూ మా నాన్న ఎంతమందిని పంపాడో చెప్పుకుని గర్వపడ్డాను. ఇప్పుడు గర్వం తగ్గిందనుకుంటున్నావా? పెరిగింది. మంత్రులెవరైనా వంటింట్లో నిలబడి, నేనే సంతకం పెట్టాను, నేనే పెట్టాను అని చెప్పుకున్నారేమో నీ చరిత్ర పుస్తకాల్లో వెతికి చెప్పు. తుపాకులు అమ్మినవాడు ఎవడైనా గొంతు పోగొట్టుకున్నాడేమో చెప్పు. ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఆదివారం ఆయన వేదిక మీంచే, ఆయన కొడుకు నోట, వెనక బల్లకి వినపడేలా బయటికొచ్చింది. ఇక దేశమంతా వినాలి. అది నా వల్ల అయ్యే పని కాదు, నీది.

"బోధకులు యువకులను యుద్ధానికి పిలిచారు. ఈ పాఠం రాసినవారి తాతయ్య వారిలో ఒకరు." ఇలా రాయి. మన ఇంటి సంగతి పాఠంలో ఎందుకని ఆచార్యులవారు నీళ్లు నమిలారు. మన ఇంట్లో జరిగింది కాబట్టేనండీ అన్నాను. ఒప్పుకున్నారు. మాటలు నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో. కర్తను మాత్రం కదపకు.

పిలిచినవాడి కొడుకు, రాసేదాని తండ్రి,
నాన్న